బేస్ గిటార్, చేతి నొప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బేస్ నేర్చుకునేవాళ్లు మొదటి నెలలోనే అడిగే ప్రశ్నలు కొన్ని, పదేళ్లుగా వాయిస్తున్నవాళ్లు బయటికి చెప్పుకోలేక దాచుకునేవి కొన్ని ఇక్కడున్నాయి. జవాబులన్నీ కుడిచేతి వాటం లెక్కలో రాశాను: ఎడమ చెయ్యి ఫ్రెట్ల మీద (నెక్ అనే పొడవాటి మెడ మీది లోహపు కడ్డీలు, వాటి మధ్య గళ్లు), కుడి చెయ్యి తీగల మీద. ఎడమచేతి వాటం వాళ్లు తిప్పి చదువుకోండి. నేను వాయించేవాణ్ణే గానీ వైద్యుణ్ణి కాను. ఎక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో అక్కడ ఆ మాటే చెప్పాను.

వాయించాక చేతులు నొప్పి పుట్టడం మామూలేగా?

వేలి కొసల మంట మామూలే. లోహపు తీగకు మెత్తటి చర్మం రాసుకుంటుంది కాబట్టి మొదట్లో చురుక్కుమంటుంది, కొన్ని వారాల్లో కాయలు కాసి సర్దుకుంటుంది. బొబ్బ లేస్తే చిదమకండి, ఆరేదాకా రెండు రోజులు ఆగండి. గంటసేపు సాధన చేశాక ముంజేయి బరువెక్కి, తెల్లారేసరికి తేలికపడితే అదీ అలసటే.

మిగతావి మామూలు కాదు. మణికట్టులో పోటు, బొటనవేలి మొదట్లో సలుపు, మోచేతి దగ్గర మంట, వేళ్లలో తిమ్మిరి, వీటిలో ఏది వచ్చినా ఆ పూటకు బేస్ కింద పెట్టేయాలి. "ఓర్చుకుంటేనే చెయ్యి గట్టిపడుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు వేలి కొసల గురించి చెబుతుంటే సరే, మణికట్టు గురించి చెబుతుంటే మాత్రం వినొద్దు. చర్మం కాయ కాస్తుంది, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు కాయదు.

అసలు ఈ నొప్పి ఎక్కడ పుడుతుంది?

వేళ్లను ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కణ్ణుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు గుండా వేళ్లకు చేరతాయి. మణికట్టు లోపలివైపు ఒక ఇరుకు సందు ఉంది. దాంట్లోంచి 9 స్నాయువులు, వాటితో పాటు మీడియన్ అనే నరం కలిసి వెళ్తాయి. మణికట్టు తిన్నగా ఉన్నంతసేపూ స్నాయువులు సాఫీగా జారుతుంటాయి. వంగిందా, బావి గట్టుకు ఒరుసుకునే చేంతాడు పరిస్థితే వాటిదీ. పైగా ఆ సందు కూడా బిగుసుకుని నరాన్ని నొక్కుతుంది.

అందుకని ఎంత బలం పెడుతున్నాం, మణికట్టు ఎంత వంచుతున్నాం, ఎంతసేపు ఆపకుండా వాయిస్తున్నాం అన్న మూడింటినీ చూసుకోవాలి. నన్నడిగితే మొదటి దోషి బలమే. ఆ బలం ఎందుకు పెడుతున్నామో కనిపెడితే సగం నొప్పి పోతుంది.

గట్టిగా వాయించకపోతే బేస్ వినబడదు కదా?

అందరూ జారిపడేది ఇక్కడే. డ్రమ్మర్ గట్టిగా కొడుతుంటాడు, గిటార్ వాళ్లు వాల్యూమ్ పెంచుతారు, మన శబ్దం మనకు వినబడదు. మనకు తెలియకుండానే కుడి వేళ్లు తీగను పీకడం మొదలుపెడతాయి. కుడి చెయ్యి బిగుసుకుంటే ఎడమ చెయ్యి ఊరుకోదు, అది కూడా తీగను చిదిమేస్తుంది. రెండు గంటల రిహార్సల్‌లో ఇదే జరుగుతుంది.

నా కథ కూడా ఇంతే. యాంప్‌ను, అంటే బేస్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టెను, నేల మీద పెట్టుకుని దాని ముందు నిలబడి వాయించేవాణ్ణి. నేల మీది యాంప్ శబ్దం మోకాళ్లకు వినిపిస్తుంది, చెవులకు వినిపించదు. బేస్ అదురు నేల గుండా ఎలాగూ తెలుస్తుంది గానీ, ఏ స్వరం వాయిస్తున్నామో చెప్పే పై పౌనఃపున్యాలు స్పీకర్ ఎటు తిరిగి ఉంటే అటే పోతాయి. రిహార్సల్ అయ్యేసరికి నీళ్ల సీసా మూత తిప్పలేకపోయేవాణ్ణి. వేళ్ల వ్యాయామాలు, నూనెలు అన్నీ అయ్యాక ఒకరోజు యాంప్‌ను కుర్చీ మీదకెక్కించి కాస్త వెనక్కి వాల్చి పెట్టాను. అంతే. నెలలో ముంజేతి నొప్పి తగ్గింది. ఆ వ్యాయామాల మీద ఇప్పటికీ కాస్త కోపంగానే ఉంది నాకు.

ఇంకో సంగతి. ఒక హద్దు దాటాక తీగను ఎంత గట్టిగా లాగినా శబ్దం పెరగదు. తీగ ఫ్రెట్లకు తగిలి గలగలమంటుంది, స్వరం లావు పోతుంది. మెల్లగా మీటి వాల్యూమ్ పెంచుకుంటే ఆ లావు నిలబడుతుంది, పైగా అవసరమైనచోట గట్టిగా కొట్టడానికి చోటు మిగులుతుంది. ఇంట్లో యాంప్ లేకుండా సాధన చేసేవాళ్లకూ ఇదే చెబుతాను. ప్లగ్ పెట్టని బేస్ వినడానికి తీగను పీకీ పీకీ చెయ్యి పాడుచేసుకునే బదులు చిన్న హెడ్‌ఫోన్ యాంప్ వాడండి.

ఎడమ చేత్తో ఎంత గట్టిగా నొక్కాలి?

మీరు అనుకునేదానికంటే చాలా తక్కువ. ఒక పరీక్ష చేయండి. 5వ ఫ్రెట్ దగ్గర తీగ మీద వేలు ఊరికే ఆనించి, కుడి చేత్తో మీటుతూ ఉండండి. మొదట టప్‌టప్‌మని మూగ శబ్దం వస్తుంది. నెమ్మదిగా నొక్కుతూ పోతే గీర శబ్దం, ఆ తర్వాత ఒక్కసారిగా శుభ్రమైన స్వరం. అక్కడ ఆపండి. కావలసిన బలం అంతే. ఇప్పుడు మీ అలవాటు ప్రకారం నొక్కి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

వేలు ఫ్రెట్ కడ్డీకి వెనక, దాదాపు ఆనుకుని ఉంటే ఇంకా తక్కువ బలం చాలు. రెండు కడ్డీల మధ్యలో నొక్కితే గీర తగ్గించడానికి అదనంగా నొక్కాల్సి వస్తుంది. వాయించని వేళ్లు కూడా బిగుసుకుని గాల్లో లేస్తున్నాయేమో చూసుకోండి. చిటికెన వేలు జెండా కర్రలా నిలబడి ఉంటే ముంజేతి పైకండరం ఊరికే కష్టపడుతోందన్నమాట.

బొటనవేలు ఎక్కడ పెట్టాలి?

నెక్ వెనక, సుమారు మధ్యవేలికి ఎదురుగా, కొస పైకి తేలిగ్గా చూపిస్తూ. కచ్చితమైన కొలత కోసం తల బద్దలు కొట్టుకోకండి, చేతికో తీరు ఉంటుంది. పట్టకారులా నొక్కకపోతే చాలు. నమ్మకం కుదరకపోతే బొటనవేలు పూర్తిగా తీసేసి, కుడి ముంజేతితో బేస్‌ను ఒంటికి ఆనించి, సులువైన లైన్ (స్వరాల వరుస) ఒకటి వాయించండి. వాయించగలుగుతారు! తీగను నొక్కే బలంలో చాలాభాగం చేతి బరువు నుంచి, మోచేతిని కాస్త వెనక్కి లాగడం నుంచి వస్తుంది. బొటనవేలు తోడుగా ఉంటే చాలు. ఈ వ్యాయామం రోజూ రెండు నిమిషాలకు మించి చేయకండి, ఇది పాఠమే గానీ పద్ధతి కాదు.

నా చెయ్యి చిన్నది. నాలుగు వేళ్లు నాలుగు ఫ్రెట్లకు చాపలేకపోతున్నాను. బేస్ నాకు పనికిరాదా?

పనికొస్తుంది. ముందు లెక్క చూద్దాం. మామూలు బేస్‌లో నట్ (నెక్ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ పొడవు 34 అంగుళాలు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌తో స్థిరపడిన కొలత ఇది. ఈ కొలతలో మొదటి ఫ్రెట్ వెడల్పే 48 మి.మీ. పైన. 1వ కడ్డీ నుంచి 4వ కడ్డీకి సుమారు 13 సెం.మీ. దూరం. అదే 5వ కడ్డీ నుంచి 8వ కడ్డీకి అయితే 10 సెం.మీ. చిల్లర. అంటే ఒకే చాపు నెక్ కింది భాగంలో హింస, పై భాగంలో హాయి.

"ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో వేలు" అన్న నియమాన్ని మొదటి ఫ్రెట్ నుంచే పట్టుకుని వేలాడనక్కర్లేదు. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ వాద్యకారులు 19వ శతాబ్దం నుంచీ సిమాండ్ల్ పద్ధతి అనే దారిలో వెళ్తున్నారు: చూపుడువేలు, మధ్యవేలు, ఆ తర్వాత చిటికెన వేలు. ఉంగరపు వేలు చిటికెన వేలికి కొమ్ముకాస్తుంది. మూడు ఫ్రెట్లకు మూడు వేళ్లు, నాలుగోది కావాలంటే చెయ్యి మొత్తాన్ని జరపడం. 5వ ఫ్రెట్ దిగువన ఇలా వాయించి, పైకెళ్లాక నాలుగు వేళ్లు వాడుకోండి. చాపడం కంటే జరపడం ఎప్పుడూ మేలు.

అప్పటికీ ఇబ్బందైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ తీసుకోండి. 34 అంగుళాల బేస్‌లో 2వ ఫ్రెట్ నుంచి మొదలుపెట్టినంత దగ్గరగా ఉంటాయి దాని ఫ్రెట్లు. అది పిల్లల బొమ్మ అని చిన్నచూపు చూసేవాళ్లుంటారు. బీటిల్స్ బేసిస్ట్ పాల్ మెకార్ట్నీ చేతిలోని హాఫ్నర్ వయొలిన్ బేస్ షార్ట్ స్కేలే. ఈ మాట చెబితే చాలామంది నోరు మూస్తారు.

స్ట్రాప్ ఎంత పొడవు పెట్టుకోవాలి?

కూర్చుని వాయించేటప్పుడు బేస్ ఎంత ఎత్తులో ఉంటుందో నిలబడినప్పుడూ అంతే ఎత్తులో ఉండేట్టు. కూర్చుని స్ట్రాప్ తగిలించుకోండి, అది కాస్త బిగువుగా ఆనేదాకా సర్ది, తర్వాత లేచి నిలబడండి. ఎత్తు మారకూడదు. ఇంట్లో సోఫాలో సాధన చేసి స్టేజి మీద మోకాళ్ల దాకా వేలాడదీస్తే చేతికి రెండు వేర్వేరు వాయిద్యాలు నేర్పినట్టే.

కిందికి వేలాడిన బేస్‌తో ఎడమ మణికట్టు బాగా వంగాలి. గొంతు దాకా ఎత్తితే ఎడమ చెయ్యి సుఖపడుతుంది గానీ కుడి మణికట్టు కొక్కెంలా వంగిపోతుంది. మధ్యస్థంగా పెట్టుకుని, నెక్‌ను నేలకు సమాంతరంగా కాకుండా హెడ్‌స్టాక్ (నెక్ చివరి తల) కాస్త పైకి లేచేట్టు పట్టుకుంటే రెండు మణికట్లూ తిన్నగా ఉంటాయి. అద్దం ముందు నిలబడి చూసుకోండి, ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది. మనం అనుకునేది ఒకటి, వీడియోలో కనబడేది ఇంకొకటి.

వదిలేస్తే చాలు, నెక్ కిందికి వాలిపోతోంది. దానికీ నొప్పికీ సంబంధం ఉందా?

ఉంది, చాలా ఉంది. బేస్ బరువు మామూలుగా 4 కిలోల చుట్టూ ఉంటుంది. హెడ్‌స్టాక్ వైపు బరువు ఎక్కువైతే ఎడమ చెయ్యి వాయించడంతో పాటు మోత పని కూడా చేయాల్సి వస్తుంది. భుజం పట్టేయడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

వెడల్పాటి స్ట్రాప్, అందులోనూ వెనకవైపు గరుకు తోలున్నది, చొక్కా మీద జారకుండా పట్టుకుంటుంది. చాలామందికి దీంతోనే తీరిపోతుంది. తీరకపోతే ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) మార్చి తేలికవి పెట్టించుకోవచ్చు. హెడ్‌స్టాకే లేని బేస్‌లు కూడా ఉన్నాయి, వాటితో ఈ గొడవ దాదాపు ఉండదు. కూర్చున్నప్పుడు కూడా స్ట్రాప్ వేసుకోవడంలో తప్పేమీ లేదు.

కుడి చెయ్యి సంగతి?

కుడి ముంజేతిని బేస్ అంచు మీద బరువుగా ఆనించి, అక్కణ్ణుంచి మణికట్టును నిటారుగా కిందికి వంచి వాయించడం బాగా కనబడే తప్పు. అంచు కండరాన్ని కోస్తుంది, వంపు స్నాయువులను కోస్తుంది. మోచేతిని ఒంటికి కొంచెం దూరం జరపండి, మణికట్టు తనంతట తాను తిన్నబడుతుంది. బొటనవేలిని పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతపు పట్టీ) మీద ఊతంగా పెట్టుకోవచ్చు, దాన్ని నొక్కిపెట్టకూడదు. సన్నటి తీగల మీదికి వెళ్లినప్పుడు బొటనవేలిని కూడా లావు తీగ మీదకి జరిపితే వేళ్లు అంతదూరం చాచక్కర్లేదు.

రెండు వేళ్లు మార్చి మార్చి మీటితే పని పంచుకుంటాయి. మోటౌన్ బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితోనే అంత సంగీతం వాయించాడు, నిజమే. ఆయన్ని అనుకరించాలనుకుంటే స్వరాలు అనుకరించండి.

స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టడం) వాయిస్తే బొటనవేలి మొదట్లో నొప్పి.

బొటనవేలిని కీలు దగ్గర ఆడిస్తున్నారన్నమాట. కదలాల్సింది ముంజేయి: తలుపు పిడి తిప్పినట్టు గిరుక్కున తిరగాలి, బొటనవేలు ఆ ఊపుతో తీగను తాకి వెనక్కి రావాలి. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర నొప్పి వారాలపాటు ఉంటే డి కెర్వాన్ అనే స్నాయువు వాపు కావచ్చు. మణికట్టును చిటికెన వేలి వైపు వంచినప్పుడు అది పెరుగుతుంది. అప్పటికి స్లాప్ ఆపి డాక్టర్‌కు చూపించండి. ఫోన్‌లో బొటనవేలితో టైప్ చేయడం కూడా తగ్గించండి. బేస్ మీద వేసే నేరాల్లో కొన్ని ఫోన్‌వి.

సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సర్దడం) చేయిస్తే నొప్పి తగ్గుతుందా? తీగలు మారిస్తే?

తగ్గుతుంది. కొత్త బేస్‌ను పెట్టెలోంచి తీసినట్టే వాయిస్తూ తమ చేతులనే తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. 12వ ఫ్రెట్ దగ్గర కడ్డీకీ తీగకూ మధ్య సందు కొలవండి. 2 నుంచి 2.5 మి.మీ. ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. 4 మి.మీ. ఉంటే ప్రతి స్వరానికీ జరిమానా కడుతున్నట్టే. నట్‌లో తీగలు కూర్చునే గాడులు ఎత్తుగా ఉంటే మొదటి మూడు ఫ్రెట్లు మరీ కష్టపెడతాయి. బ్రిడ్జి ఎత్తు మీరే సర్దుకోవచ్చు. ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనప కడ్డీ), నట్ మాత్రం చేతనైనవాళ్లకు వదిలేయండి.

34 అంగుళాల బేస్‌లో మామూలు తీగలు నాలుగూ కలిపి లాగే బిగువు 70 కిలోలు దాటుతుంది. 45-105 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) సెట్ నుంచి 40-95కు దిగితే బిగువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. తీగలు మార్చకుండానే అరమెట్టు కిందికి శ్రుతి చేస్తే 11 శాతం తగ్గుతుంది. నొప్పి ఉన్న రోజుల్లో సాధనకు ఇది మంచి ఉపాయం, ఖర్చు కూడా లేదు. ఫ్లాట్‌వౌండ్ (చదునైన చుట్టున్న) తీగలు వేలికి నున్నగా ఉంటాయి గానీ చాలా సెట్లలో బిగువు ఎక్కువ, చర్మానికి సుఖమని కొని ముంజేతికి కష్టం తెచ్చుకోకండి.

ఐదు తీగల బేస్‌కు మారొచ్చా?

నొప్పి ఉన్నప్పుడు వద్దు. నెక్ వెడల్పు పెరుగుతుంది, లావు తీగను అందుకోవడానికి మణికట్టు ఇంకా వంగుతుంది. ఉన్న బేస్ మీద సుఖపడ్డాక ఆలోచించండి. నాలుగు తీగల వాటిలోనూ తేడాలున్నాయి: ఫెండర్ జాజ్ బేస్ నెక్ నట్ దగ్గర 38 మి.మీ., ప్రెసిషన్ బేస్ నెక్ 41 మి.మీ. లేదా అంతకంటే వెడల్పు. 3 మి.మీ.యే కదా అనిపిస్తుంది, పట్టుకుని చూస్తే తెలుస్తుంది.

రోజుకు ఎంతసేపు సాధన చేయాలి?

గంటల లెక్క కంటే ఉన్నట్టుండి పెంచారా లేదా అన్నదే ముఖ్యం. రోజుకు 20 నిమిషాలు వాయించే మనిషి కచేరీ వారంలో మూడేసి గంటలు కూర్చుంటాడు, నాలుగో రోజు చెయ్యి లేవదు. 25 నిమిషాలు వాయించి 5 నిమిషాలు ఆపండి. ఆ 5 నిమిషాలు ఫోన్ పట్టుకుంటే అది విశ్రాంతి కింద లెక్క కాదు. ఒకే కష్టమైన ముక్కను యాభైసార్లు తిప్పే బదులు పదిసార్లు వాయించి, వేరేదానికి వెళ్లి, మళ్లీ రండి. బేస్ లైన్‌ను నోటితో పాడుకోవడం కూడా సాధనే, చేతికి ఖర్చు లేని సాధన.

ముందు చేతులు సాగదీయాలా?

చల్లటి చేతులను లాగి సాగదీయకండి. గోరువెచ్చటి నీళ్లలో కడుక్కుని, భుజాలు గుండ్రంగా తిప్పి, నెమ్మదైన లైన్‌తో మొదలుపెట్టండి. అదే వార్మప్.

రబ్బరు బంతి నొక్కితే వేళ్లకు బలం వస్తుందంటారు?

బలం తక్కువై కాదు కదా మీకు నొప్పి వస్తోంది. మానేయండి.

నొప్పి మాత్ర వేసుకుని షో ముగించేయొచ్చా?

నొప్పిని మూసేస్తే ఎక్కడ ఆపాలో తెలియదు. అంత తప్పనిసరైతే కష్టమైన పాటలు తగ్గించి, లైన్లు సులువు చేసి వాయించండి. వినేవాళ్లు పట్టుకోలేరు. బేస్‌కున్న సౌకర్యమే అది. మణికట్టు పట్టీ కట్టుకుని వాయించడమూ అలాంటిదే: మణికట్టును బిగిస్తే ఆ పని మోచేతికో భుజానికో పోతుంది. రాత్రి నిద్రలో పట్టీ వేసుకోమని డాక్టర్ చెబితే అది వేరే విషయం.

నొప్పి ఉన్న చోటును బట్టి ఏమిటో తెలుస్తుందా?

కొంత. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, రాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదుల్చుకోవాల్సి వస్తుంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతున్నదేమోనని అనుమానించాలి. చిటికెన వేలు, దాని పక్కది తిమ్మిరెక్కుతుంటే తరచుగా మోచేతి దగ్గర అల్నార్ నరం. మోచేతి బయటి ఎముక మీద నొప్పి అయితే ముంజేతి కండరాలు మొదలయ్యే చోట ఒత్తిడి. వేలు ముడిచాక టక్కున ఇరుక్కుని తెరుచుకుంటుంటే ట్రిగ్గర్ ఫింగర్. మెడ నుంచి దిగే నొప్పి కూడా చేతి నొప్పిలాగే నటిస్తుంది, అందుకే సొంత వైద్యం వద్దు.

నొప్పేమీ లేకుండా ఒక వేలు మాట వినడం మానేసి, వాయించేటప్పుడే తనంతట తాను ముడుచుకుపోతుంటే అది ఫోకల్ డిస్టోనియా కావచ్చు. దానికి ఇంకా గట్టిగా సాధన చేయడమే మొదట తోచే మందు, అదే తప్పు మందు కూడా. నరాల వైద్యుణ్ణి కలవండి.

ఎడమ చేతి నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే బేస్ సంగతి మర్చిపోయి వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

తిమ్మిరి మళ్లీ మళ్లీ వస్తున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, వాపు కనబడుతున్నా, వారం పది రోజులు ఆపినా నొప్పి తగ్గకపోయినా. వెళ్లేటప్పుడు మీరు వాయిస్తున్న వీడియో పట్టుకెళ్లండి. "గిటార్ వాయిస్తాను" అంటే డాక్టర్ ఊహించుకునేది ఒకటి, మీ చెయ్యి చేసేది మరొకటి. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికైతే బేస్‌నే తీసుకెళ్లండి.

కొన్ని వారాలు ఆపాను. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

నొప్పి లేకుండా రోజువారీ పనులన్నీ చేసుకోగలుగుతున్నప్పుడు. మొదటి రోజు 5 నిమిషాలు, 7వ ఫ్రెట్ పైన, యాంప్ పెట్టుకుని, మెల్లటి లైన్. మర్నాడు పొద్దున చెయ్యి ఎలా ఉందో చూసుకోండి. బాగుంటే రెండు మూడు రోజులు అదే కొనసాగించి 10 నిమిషాలు చేయండి, ఆ తర్వాత రోజుకు రెండుసార్లు 10. నొప్పి తొంగిచూస్తే ముందు మెట్టుకు దిగండి. ఆపకముందు వాయించిన పాటను ఆపకముందటి వేగంతో వాయించి చూడాలని మొదటి రోజే చెయ్యి దురద పెడుతుంది. ఆ పాటను మూడో వారానికి దాచిపెట్టండి.